ఒంటిమీట ఆటలు – రెండు తప్పుడు వాదాలు

వీడియో ఆటల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన అభ్యుదయ శిబిరంలో రెండు గొంతులు వినిపిస్తాయి. మొదటి గొంతు ఇట్లా అంటుంది: ఇదంతా పెట్టుబడిదారుడు యువజనులకు పోస్తున్న మత్తుమందు; ఇందులో మంచిచెడ్డల విచారణ దేనికి? సారాకొట్లో కూచుని ఏ సీసా శ్రేష్ఠమని తర్కించడం లాంటిదే కదా! రెండవది కాస్త చదువుకున్న గొంతు. పెద్ద కంపెనీల ఆటలు చెడ్డవే కావచ్చు, కాని ఒకరో ఇద్దరో కూచుని చేసిన చిన్న ఆటలున్నాయి చూడండి, ఒక్క మీట, నాలుగు రంగులు, అనవసరమైనదంతా కోసిపారేసిన శుద్ధరూపం; అది కళ, దానికి వర్గాన్ని అంటగట్టకండి అని ఆ గొంతు అంటుంది. మొదటివారికి ఆట కనిపించదు, రెండవవారికి ఆట వెనక డబ్బు కనిపించదు. ఈ వ్యాసం ఇద్దరితోనూ పేచీ పెట్టుకోవడానికే.

ముందు వస్తువు ఏమిటో చూద్దాం. 2009లో అమెరికాలో, టెక్సాసుకు చెందిన ఆడం సాల్ట్స్‌మన్ ‘కానబాల్ట్’ అనే ఆట చేశాడు. ఆటలు చేసేవాళ్లు నెలకొక విషయం పెట్టుకుని ప్రయోగాలు చేసే ఒక కార్యక్రమంలో ఆ నెల విషయం ‘అత్యల్పంతో సరిపెట్టడం’. ఐదు రోజుల్లో ఆట తయారయింది. ఆడేవాడి చేతిలో వున్నది ఒక్కటే మీట. నొక్కితే తెర మీది మనిషి ఎగురుతాడు. పరుగు తనంతట తానే సాగుతుంది, క్షణక్షణానికీ వేగం పెరుగుతుంది. అంతే.

అంతేనా? ఆ మనిషి ఎవడు? నల్ల కోటు వేసుకున్న ఆఫీసు ఉద్యోగి. ఆట మొదలయ్యేది ఒక కార్యాలయపు నడవాలో. అతడు కిటికీ అద్దం పగలగొట్టుకుని బయటికి దూకుతాడు, డాబాల మీద పరుగెడతాడు. వెనక నగరం బూడిదరంగులో కూలిపోతున్నది. దూరాన ఏవో మహాయంత్రాలు నడుస్తున్నాయి. ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. చివరికి అతడు ఏ గోడకో కొట్టుకుంటాడు, లేదా రెండు మేడల మధ్య పడిపోతాడు. ఎన్ని మీటర్లు పరుగెత్తాడో, ఎట్లా చచ్చాడో తెర మీద ఒక్క వాక్యం వస్తుంది. గమ్యం లేదు. అమెరికాలో బ్యాంకులు కుప్పకూలిన మరుసటి ఏడు వచ్చిన ఆట ఇది. సాల్ట్స్‌మన్ ఆ వుద్దేశంతో చేశాడని నేననను. కాని ఆఫీసు కిటికీ పగలగొట్టుకుని పారిపోయే గుమాస్తా, పారిపోయి చేరేచోటు లేని గుమాస్తా, ఆ సంవత్సరపు మధ్యతరగతి మనిషి కాడని ఎవరనగలరు? ఇందులో నిరాశ వుంది, దారి లేదు. అది దీని లోపం. కాని ఒక్క మీటతో ఇంత మాట చెప్పిన వస్తువును మత్తుమందని ఒక్క ముక్కలో కొట్టివేయడం విమర్శ అనిపించుకోదు.

2012లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం తన సేకరణలోకి మొదటిసారి తీసుకున్న 14 వీడియో ఆటల్లో ‘కానబాల్ట్’ ఒకటి. శుద్ధరూపవాదులు పండుగ చేసుకోవలసిన సంగతే. ఐతే వారు మరచిపోయే చరిత్ర ఒకటుంది.

ఈ సరళత్వం ఏ ఋషి తపస్సులోనుంచీ పుట్టలేదు, డబ్బుల డబ్బాలోనుంచి పుట్టింది. 1971లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు అమెరికన్లు ‘కంప్యూటర్ స్పేస్’ అనే నాణెం వేసి ఆడే ఆటను తయారుచేశారు. తిప్పడానికి, తోయడానికి, కాల్చడానికి వేర్వేరు మీటలు, పక్కన చదువుకోవలసిన సూచనలు. సారాయంగడికి సాయంకాలం వచ్చిన మనిషికి అది కొరుకుడుపడలేదు. మరుసటి ఏడు వారి కంపెనీయే ‘పాంగ్’ తెచ్చింది. ఒక్క గుండ్రటి పిడి. తిప్పితే తెర మీది బ్యాటు జరుగుతుంది. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ వూళ్లో ఒక సారాయంగడిలో పెట్టిన మొదటి యంత్రం కొద్ది రోజులకే ఆగిపోయిందట. చూస్తే చెడిపోయింది యంత్రం కాదు, నాణేల డబ్బా నిండిపోయింది! నేర్చుకోవడం క్షణంలో అయిపోవాలి, ఆరితేరడం మాత్రం ఎప్పటికీ కాకూడదు. అప్పుడే నాణెం వెంట నాణెం పడుతుంది. ఇది బుష్నెల్ పేరుతో నేటికీ చెలామణి అయ్యే సూత్రం. కనుక ‘తక్కువ మీటలు’ అన్నది పుట్టుకతోనే వ్యాపారపు ఎత్తు. ఈ మాట ఇప్పుడే చెప్పుకోవడం మంచిది, తరువాత దీనితో పని వుంది.

నాణెపు యంత్రాలు పోయి ఆట ఇంట్లోకి వచ్చాక లెక్క తిరగబడింది. ఒకసారి డబ్బు పోసి కొనిపించాలి కనుక, ఇచ్చిన డబ్బుకు బరువు కనిపించాలి. పట్టుకునే పరికరం మీద 1997 నాటికి రెండు పిడులు, డజనుకు పైగా మీటలు మొలిచాయి. వందలమంది జీతగాళ్లు సంవత్సరాల తరబడి పనిచేస్తే తప్ప తయారుకాని ఆటలు వచ్చాయి. ఆ ఆటలు ఆడటానికి పరికరం కొనే స్తోమతు వుండాలి, పదేళ్ల వయసునుంచీ వేళ్లకు అలవాటు వుండాలి. ఒక చేయి లేనివాడు, వేళ్లు వంగనివాడు, నలభైయేళ్లు వచ్చాక మొదటిసారి పట్టుకున్న ఆడమనిషి – వీళ్లందరికీ ఆ తలుపు మూసుకుపోయింది. ఒంటిమీట ఆటను ఈ నేపథ్యంలో పెట్టి చూడాలి. వేలు, మోచేయి, కడకు గడ్డం – ఏది ఆడితే దానితో నొక్కి ఆడగల ఆటలు వికలాంగుల కోసం ప్రత్యేకంగా చేసేవాళ్లున్నారు. మత్తుమందువాదులు ఈ సంగతి కూడా ఒకసారి ఆలోచించాలి.

2008లో ఫోన్లలో ఆటలు అమ్మే అంగడి తెరుచుకోవడం, అద్దం మీద వేలు తప్ప మీటలే లేకపోవడం, ఒక్క మనిషి ఇంట్లో కూచుని ఆట చేసి ప్రపంచం ముందు పెట్టే వీలు కలగడం – ఇవన్నీ కలిసి ఈ చిన్న ఆటల కాలాన్ని తెచ్చాయి. చేతిలో పెట్టుబడి లేనివాడు సాధనం తగ్గించుకుంటాడు. బుర్రకథకు తంబురా, రెండు డక్కీలు, ముగ్గురు మనుషులు చాలినట్టే. సాధనం తక్కువైతే చెప్పే మాట కూడా తక్కువే కావాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు మత్తుమందువాదుల గట్టి అభ్యంతరానికి వద్దాం. నిజంగా గట్టిదే. 1913లో ఫోర్డు కారు ఫ్యాక్టరీలో కదిలే పట్టా వచ్చింది. పనివాడి పనిని ముక్కలు చేసి, ఒక్కొక్కడికి ఒక్క కదలిక మిగిల్చారు. 1936లో చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’ సినిమాలో ఆ ఒక్క కదలిక మనిషిని ఏం చేస్తుందో చూపించాడు; మర బిగించి బిగించి, పని ఆగినా చేతులు ఆగని స్థితి. మరి సాయంకాలం ఇంటికి వచ్చి అదే ఒక్క కదలికను వినోదంగా చేసుకోవడం ఏమిటి? యజమాని పగలు చేతిని తీసుకుంటే రాత్రి ఈ ఆట మిగతాది తీసుకుంటున్నదా?

ఈ ప్రశ్నకు జవాబు ఆటలోకి దిగి వెతకాలి. ఐర్లండు దేశస్థుడు టెర్రీ కావనా 2012లో ‘సూపర్ హెక్సగన్’ చేశాడు. రెండే మీటలు: ఎడమకు, కుడికి. తెర మధ్యలో షడ్భుజం, దాని చుట్టూ తిరిగే చిన్న త్రికోణం మనం. నలువైపులనుంచీ గోడలు ముడుచుకుంటూ మీదికి వస్తాయి; ఖాళీ వున్న వైపుకు దూరాలి. తెర మొత్తం గిర్రున తిరుగుతుంటుంది. కొత్తవాడు నాలుగైదు సెకండ్లలో పోతాడు. 60 సెకండ్లు నిలిస్తే ఆ మెట్టు గెలిచినట్టు. ఫ్యాక్టరీ పట్టాకన్నా ఇది క్రూరంగా కనిపిస్తుంది. వేగం ఇక్కడ కూడా మన చేతిలో లేదు. కాని తేడా ఎక్కడంటే, వంద ఓటముల తరువాత గోడల వరసలు కంటికి పోల్చుకోవడం వస్తుంది, చేతికి ముందే తెలుస్తుంది. నిన్న నాలుగు సెకండ్లు, నేడు ఇరవై. ఆ ఇరవైలో అదృష్టం వాటా దాదాపు లేదు. పోయిన ప్రతిసారీ క్షణంలో మళ్లీ మొదలు. మధ్యలో ఎవడూ వచ్చి ఇంకో ప్రాణం కొనుక్కో అనడు, ప్రకటన చూడమనడు. ఒకసారి కొన్నాక కావనాకు మన తరువాతి ఓటమి వల్ల దమ్మిడీ ముట్టదు. పట్టా దగ్గర పనివాడి నేర్పు యజమాని లెక్కలోకి పోతుంది. ఇక్కడ నేర్పు ఆడినవాడి దగ్గరే వుంటుంది. అది దేనికీ పనికిరాని నేర్పు కదా అంటారు. గోటీబిళ్ల నేర్పు దేనికి పనికి వచ్చింది? ప్రయోజనం లేని నేర్పును సంపాదించుకునే తీరిక శ్రామికుడికి వుండాలనే కదా ఎనిమిది గంటల పనిదినం కోసం జనం నెత్తురోడ్చింది! తీరిక వేళ కూడా వుపయోగకరంగానే వుండాలనేది మిల్లు యజమాని నీతి, మనది కాదు.

ఇంతవరకు విని శుద్ధరూపవాదులు సంతోషిస్తారని తెలుసు. వారికి ఒక్క ప్రశ్న. ప్రపంచంలో అన్నింటికన్నా సరళమైన, అనవసరమైనదేదీ మిగలని ఒంటిమీట ఆట ఏది? జూదపు యంత్రం. 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే తయారుచేసినప్పుడు దానికి ఒక లివరు వుండేది, చేయెత్తి లాగాలి. తరువాత లివరు పోయి మీట వచ్చింది, లాగే ఆ రెండు క్షణాలూ ఆదా అయ్యాయి, ఆట వేగం పెరిగింది, ఆడేవాడి నష్టమూ పెరిగింది. మానవశాస్త్రవేత్త నటాషా డౌ షుల్ లాస్‌వేగాస్ యంత్రాల ముందు కూచునేవాళ్లను సంవత్సరాల తరబడి పరిశీలించి 2012లో గ్రంథం ప్రచురించింది. వాళ్లలో చాలామంది గెలవడానికి ఆడటం లేదు, ఆట ఆగకుండా వుండటానికి ఆడుతున్నారు. బయటి ప్రపంచం మరుపుకు వచ్చే ఒక స్థితి కోసం ఆడుతున్నారు. గెలుపు వస్తే చిరాకుపడేవాళ్లు కూడా వున్నారు, ఆట ఆగుతుంది కనుక! ఇక్కడ ఎంత సాధన చేసినా చేతికి నేర్పు రాదు, రాకుండానే యంత్రాన్ని కట్టారు. రూపం శుద్ధమే. ఆ శుద్ధత్వం ఎవరికి అన్నం పెడుతున్నదో అడగకుండా రూపాన్ని పొగడటం, ఉరితాడు పేనిన తీరును మెచ్చుకోవడం.

కావనా ఆటకూ జూదపు యంత్రానికీ నడుమ సరిహద్దు రేఖ తెర మీద లేదు. ఆ రేఖ మీదే నిలబడిన ఒక ఆట వుంది. ఇటలీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన లూకా గలాంటే అనే ప్రోగ్రామరు ఆటల కంపెనీల్లో పని దొరక్క జూదపు ఆటలు తయారుచేసే పరిశ్రమలో పనిచేశాడు. 2021 డిసెంబరులో ‘వాంపైర్ సర్వైవర్స్’ను మూడు డాలర్ల లోపు ధరకు పెట్టాడు. ఆడేవాడు చేసేది నడవడం ఒక్కటే. ఆయుధాలు వాటంతట అవే పేలుతాయి. వేల పిశాచాలు చుట్టుముడతాయి, అరగంట బ్రతికితే గెలుపు. నడుమ పెట్టెలు దొరుకుతాయి. తెరిస్తే రంగుల వెలుగులు, సంగీతం, బహుమతుల జల్లు. జూదశాల విద్య యావత్తూ అందులో వుంది. 2023లో బ్రిటిష్ చలనచిత్ర, టెలివిజన్ అకాడమీ ఆ ఏటి ఉత్తమ ఆటగా దీన్నే ఎంచింది. కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన ఆటలు వెనకబడిపోయాయి.

ఫోన్ల అంగళ్లలో దీని నకళ్లు బయలుదేరాయి. గలాంటే బృందం తామే ఫోను ఆట చేద్దామని భాగస్వామిని వెతికింది. ఆడేవాళ్లను పిండకుండా వ్యాపారం చేయడానికి ఒప్పుకునే భాగస్వామి దొరకలేదని వారే ప్రకటించారు. చివరికి 2022 డిసెంబరులో ఫోను ఆటను తామే తయారుచేసి వుచితంగా విడుదల చేశారు. ప్రకటన చూడటమా మానడమా అన్నది ఆడేవాడి ఇష్టం. ఇది చిన్న సంగతి కాదు. జూదశాలలో నేర్చిన విద్యనుంచి నాణెం వేసే కంతను మాత్రం మూసివేశాడు ఈ మనిషి. ఐతే ఆ విద్య నిరపాయం అయిపోయిందా? కాలేదని నా అభిప్రాయం. డబ్బు పోదు, రాత్రిళ్లు పోతాయి. పెట్టె తెరుచుకున్నప్పుడు మన ఒళ్లు పులకరించేది మన నేర్పుకు కాదు. కావనా ఆటకూ దీనికీ నేను సమానమైన మార్కులు వేయలేను. గలాంటే నిజాయితీని గౌరవిస్తూనే ఈ మాట అనవలసి వుంది.

వియత్నాం విషయం ఇంకా విచిత్రమైనది. హనోయి వాసి డాంగ్ న్యుయెన్ పగలు ఉద్యోగం చేసుకుంటూ, కొద్ది రోజుల్లో ‘ఫ్లాపీ బర్డ్’ చేసి 2013 మే నెలలో విడుదల చేశాడు. తెర తాకితే పిట్ట రెక్క కొడుతుంది, మానితే పడిపోతుంది, గొట్టాల నడుమనుంచి పోవాలి. ఎనిమిది నెలలు ఎవరికీ పట్టలేదు. 2014 జనవరికి చాలా దేశాల అంగళ్లలో అదే మొదటి స్థానం. ప్రకటనల మీద రోజుకు 50,000 డాలర్లు వస్తున్నాయని అతనే ఒక విలేకరికి చెప్పాడు. వెంటనే పాశ్చాత్య పత్రికలు విరుచుకుపడ్డాయి: ఆ గొట్టాలు జపాను కంపెనీ ఆటలోని గొట్టాల్లా వున్నాయి, ఇది దొంగ సొమ్ము అని. ఇరవయ్యెనిమిదేళ్ల హనోయి కుర్రవాడు ఒక గొట్టం బొమ్మ వేస్తే దొంగతనమట! ఫిబ్రవరి 10న అతడు ఆటను అంగళ్లనుంచి తీసివేశాడు. కాస్సేపు ఆడుకోవడానికి చేసిన వస్తువు వ్యసనంగా మారిందని, అది తనకు సమ్మతం కాదని చెప్పాడు. ఆ ఆట వున్న పాత ఫోన్లను జనం వేలానికి పెట్టారు. రోజుకు 50,000 డాలర్లను కాలదన్నిన పెట్టుబడిదారుడి పేరు మన మిత్రులెవరైనా చెప్పగలరా? అతడు మార్క్సిస్టు కాడు, ఆ మాట నేననడం లేదు. కాని తన శ్రమ ఫలితం తనకు ఎదురుతిరిగి పరాయిదై కూచున్నదని గుర్తించి, దానిని ఆపివేసే పని చేశాడు. పరాయీకరణ గురించి ఇరవై పేజీలు రాసేవాళ్లు ఈ కథను ఒక పేజీలోనైనా రాయాలి.

ఇక దొంగతనం మాట. ఇక్కడ మనవాళ్లకు నిజమైన చిక్కు వుంది. భావాల మీద ఆస్తిహక్కును మనం ఒప్పుకోము కదా, మరి నకలు కొట్టినవాణ్ణి ఎందుకు ఖండించాలి?

నెదర్లండ్సులో ఇద్దరు కుర్రవాళ్లు ‘వ్లాంబీర్’ పేరుతో 2010లో చేపలు పట్టే చిన్న ఆట ఒకటి చేశారు. దాన్నే ఫోనుకు పెంచి చేస్తుండగా, 2011లో వేరే కంపెనీ అదే ఆటను ‘నింజా ఫిషింగ్’ పేరుతో ముందే విడుదల చేసి సొమ్ము చేసుకుంది. వీళ్ల ఆట ‘రిడిక్యులస్ ఫిషింగ్’ 2013లో కాని రాలేదు. 2018లో ఇంకా పెద్ద దెబ్బ. అమెరికాలో బెన్ ఎస్పొజిటో ఐదేళ్లకు పైగా ‘డోనట్ కౌంటీ’ చేస్తున్నాడు. నేలలో ఒక కన్నాన్ని వేలితో జరపడమే ఆట, అందులో పడిన వస్తువుకొద్దీ కన్నం పెద్దదవుతుంది. అది బయటికి రాకముందే పారిస్‌లోని వూడూ కంపెనీ అదే కన్నంతో ‘హోల్.ఐఓ’ వదిలింది. వూడూకు అదే ఏడు గోల్డ్‌మన్ శాక్స్ పెట్టిన పెట్టుబడి 20 కోట్ల డాలర్లు.

ఈ వ్యాపారం నడిచే తీరు తెలిస్తే చిక్కు తేలిపోతుంది. ఇట్లాంటి కంపెనీలు నమూనాలు డజన్లకొద్దీ చేయించి, ఒక్కొక్కదానికి ప్రకటన వేసి చూస్తాయి. ఆడేవాణ్ణి రప్పించడానికయిన ఖర్చు, వాడికి ప్రకటనలు చూపి గుంజే డబ్బు – ఈ రెంటి తేడా లాభంగా తేలితే ఆట వుంటుంది, లేకపోతే చెత్తకుండీకి పోతుంది. ఆ ప్రకటనల్లో ఎక్కువభాగం మళ్లీ ఇట్లాంటి ఆటలవే. కనుక ఇక్కడ గెలిచేది ఆలోచన కాదు, ప్రకటనలకు పోసే ధనరాశి. జానపదుడు పక్క వూరి పాట వరస తీసుకుంటే పక్క వూరి పాట చావదు; ఇద్దరి చేతిలోనూ ఒకే తంబురా. న్యుయెన్‌కు మద్దతుగా 2014లో చిన్న నిర్మాతలు వందలకొద్దీ పిట్ట ఆటలు చేసి వుచితంగా పంచారు, అది ఇచ్చిపుచ్చుకోవడం. 20 కోట్ల డాలర్లవాడు ఐదేళ్ల శ్రమను ఎత్తుకుపోవడం శ్రమదోపిడీ. రెంటికీ నకలు అనే ఒకే పేరు పెట్టి, ఆస్తిహక్కుకు మేం వ్యతిరేకులం అని చేతులు దులుపుకోవడం పెట్టుబడిదారుడికి చేసే సేవ.

మన నేల మీద ఈ చర్చ కొత్తది కాదు. 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాదు క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటేనని తీర్పు చెప్పింది. ఆ నేర్పు అనే మాటను అడ్డం పెట్టుకుని ఫోన్లలో రమ్మీ కంపెనీలు ఎన్ని ఇళ్లు ముంచాయో తెలుగు దినపత్రికలు చదివేవారికి తెలుసు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో కేంద్రం నేర్పా అదృష్టమా అన్న విచక్షణ లేకుండా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కాని పందెం కట్టించకుండా, ముప్ఫై సెకండ్లకొక ప్రకటనతో కాలాన్ని కోసుకుపోయే ఆట ఆ చట్టం చూపులో పడదు. 2016 తరువాత డేటా చవకైనప్పటినుంచీ మన హాస్టళ్లలో, బస్సుల్లో, కాపలావాళ్ల కుర్చీల్లో ఆడుతున్నవి ఎక్కువగా ఇవే. వుచితం కనుక. పేదవాడికి రేఖకు అవతలి ఆట ముట్టకుండా, ఇవతలి ఆట మాత్రమే ముట్టేట్టు అంగడిని అమర్చారు.

కనుక తరగతిలో విద్యార్థి ఫోను లాక్కునే వుపాధ్యాయుడు, లాక్కునే ముందు అందులో వున్నది ఏ ఆటో చూడాలి. ఓడినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి: వెంటనే మళ్లీ మొదలవుతున్నదా, లేక ఎవడో తెర మీదికి వచ్చి చేయి చాస్తున్నాడా? నెల ఆడిన తరువాత ఆ పిల్లవాడి చేతికి ఏదైనా వచ్చిందా? చేసినవాడెవడు, వాడికేం ముట్టింది? ఈ విచారణను పిల్లవాడితో కలిసి చేస్తే అరగంటలో అదనపు విలువ పాఠం అయిపోతుంది. లాక్కుంటే రేపు ఇంకో ఫోను తెస్తాడు.

న్యుయెన్ పిట్ట కథ అక్కడితో ఆగలేదు. 2024 సెప్టెంబరులో ‘ఫ్లాపీ బర్డ్ ఫౌండేషన్’ అనే పేరుతో ఒక బృందం ఆ ఆట తిరిగి వస్తున్నదని ప్రకటించింది. వాడకుండా వదిలేశాడన్న వాదనతో ఆ పేరు మీది వ్యాపారచిహ్నపు హక్కును అమెరికాలో ఒక కంపెనీ చట్టప్రకారమే చేజిక్కించుకుంది. ఏళ్ల తరబడి నోరు విప్పని న్యుయెన్ అప్పుడు రెండు మూడు ముక్కలు రాశాడు: ఆ ఆటతో తనకు సంబంధం లేదనీ, తాను ఎవరికీ ఏమీ అమ్మలేదనీ, క్రిప్టో వ్యాపారాన్ని సమర్థించననీ. పిట్ట అతను గీసిందే. పేరు మాత్రం ఇప్పుడు వాళ్లది.